రెండు హైఫూలు, ఒక ఆర్‌ఎఫ్, ఆ తర్వాత ఫేస్‌లిఫ్ట్: 57 ఏళ్ళ పేషెంట్ కేసు

ఈ కేసు గురించి రాయడానికి పేషెంట్ ఒప్పుకున్నారు. ఆవిడని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. నేను ప్లాస్టిక్ సర్జన్‌ని, కానీ చర్మం బిగించే మెషీన్లు కూడా వాడతాను, రెండింటి వల్లా బాగుపడినవాళ్ళను చూశాను, రెండింటి వల్లా డబ్బు, నమ్మకం పోగొట్టుకున్నవాళ్ళనూ చూశాను. అందుకే ఈ కేసు కాస్త వివరంగా రాస్తున్నాను. ఎవరికి ఏది పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈమధ్య నాకు తగల్లేదు.

ఆవిడ వయసు 57. నెలసరి 49లో ఆగిపోయింది. బీపీకి మాత్ర వేసుకుంటారు, షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు. ఆరోగ్యం కోసం తిండి మార్చుకుని రెండేళ్ళలో 13 కిలోలు తగ్గారు, ఒంటికి మంచే జరిగింది గానీ ఆ తగ్గింది ముఖంలో బాగా కనిపించింది. మూడేళ్ళ కాలంలో వేరే చోట్ల రెండుసార్లు హైఫూ (అల్ట్రాసౌండ్ వేడితో చర్మం బిగించడం), ఒకసారి సన్నటి సూదులతో రేడియో తరంగాల వేడి ఇచ్చే మైక్రోనీడ్లింగ్ ఆర్‌ఎఫ్ చేయించుకున్నారు, మధ్యలో "బుగ్గ పైకి లేస్తుంది" అని ఎవరో చెబితే ఫిల్లర్ (చర్మం కింద నింపే జెల్ ఇంజెక్షన్) కూడా వేయించుకున్నారు. నా దగ్గరికి వచ్చి కూర్చోగానే అడిగిన మాట ఇది: "డాక్టర్ గారూ, మీ దగ్గర కొత్త మెషీన్ ఉందట కదా, మూడోసారి చేయించుకుంటే ఈసారైనా నిలబడుతుందా?"

ప్రతిసారీ మొదటి రెండు వారాలు బాగుందనిపించేదట, నెల తిరిగేసరికి మళ్ళీ మామూలే. ఇందులో వింతేమీ లేదు. వేడి తగిలిన చర్మం కొంత ఉబ్బుతుంది, ఆ వాపుకి ముఖం నిండుగా, బిగువుగా కనిపిస్తుంది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ కొత్తగా వచ్చేది నెమ్మదిగా, 3 నుంచి 6 నెలల మధ్య. అంటే చేయించుకున్న వారానికి తీసిన ఫోటో వాపుని చూపిస్తుంది తప్ప ఫలితాన్ని కాదు. మెషీన్ ఫలితం అని ఎవరైనా ఫోటో చూపిస్తే అది ఎన్ని నెలల తర్వాత తీసిందో అడగండి, గడ్డం కొంచెం పైకెత్తి తీశారా, లైట్ ఎదురుగా పెట్టారా అన్నది కూడా చూడండి. గడ్డం ఒక్క అంగుళం ఎత్తితే చాలు, ఏ మెడ అయినా సగం బాగుపడినట్టే కనిపిస్తుంది.

పరీక్షలో నేను చూసినవి చెబుతాను. దవడ గీత కనిపించడం లేదు, రెండు పక్కలా కండ దవడ ఎముక అంచు దాటి కిందికి వేలాడుతోంది, దాని ముందు గడ్డం పక్కన గుంట పడింది. గడ్డం కింద నుంచి మెడకి ఉండాల్సిన మలుపు పోయి ఏటవాలుగా ఉంది. మాట్లాడకుండా ఊరికే కూర్చున్నా మెడ ముందు రెండు నిలువు తీగలు తేలి కనిపిస్తున్నాయి. కణతలు లోతుకి పోయాయి. చర్మం పల్చన, కింది కనురెప్పను మెల్లగా లాగి వదిలితే వెనక్కి వెళ్ళడానికి టైమ్ తీసుకుంటోంది. బుగ్గ మధ్యలో మాత్రం పాత ఫిల్లర్ ఇంకా చేతికి తగులుతోంది, నవ్వినప్పుడు అక్కడ గడ్డలా పైకి లేస్తోంది, చుట్టూ ఉన్న ముఖంతో దానికి పొంతన లేదు.

ఆ తర్వాత నేను ప్రతి పేషెంట్‌కీ చేసే ఒక చిన్న పరీక్ష చేశాను. అద్దం చేతికిచ్చి వెల్లకిలా పడుకోమన్నాను. పడుకున్నప్పుడు ముఖం బరువు వెనక్కి, చెవుల వైపు జారుతుంది, సర్జరీ తర్వాత ముఖం ఎలా ఉండవచ్చో దాదాపుగా అలా కనిపిస్తుంది. ఆవిడ అద్దంలో చూసుకుని, "ఇదే నాకు కావాల్సింది" అన్నారు. మళ్ళీ కూర్చోబెట్టి, చెవి ముందు చర్మాన్ని వేళ్ళతో పైకి, వెనక్కి నెడితే దవడ గీత తేలడానికి ఎంత జరపాల్సి వస్తోందో చూశాం. ఒక్కో పక్క రెండున్నర సెంటీమీటర్లకు తక్కువ కాదు.

ఈ కేసు మొత్తం ఆ కొలత మీదే తిరుగుతుంది. అల్థెరపీ అనే హైఫూ రకం అల్ట్రాసౌండ్ మెషీన్‌కి అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2009లో అనుమతి ఇచ్చింది కనుబొమ ఎత్తడానికి. దాని మీద 2010లో వచ్చిన అధ్యయనంలో 90 రోజుల తర్వాత కనుబొమ సగటున లేచింది 1.7 మిల్లీమీటర్లు. కనుబొమ దగ్గర ఆ మాత్రం కూడా కంటికి తెలుస్తుంది, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ 25 మిల్లీమీటర్లు జారిన దవడకి ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇచ్చే మెషీన్‌ని మూడోసారి పెట్టినా, ఐదోసారి పెట్టినా లెక్క తేలదు. ఆవిడకి మెషీన్లు చెడ్డగా చేశారని కాదు, ఆ పని మెషీన్‌ది కాదు.

ఎందుకు కాదో చెప్పాలంటే ముఖం పొరలు తెలియాలి. పైన చర్మం, దాని కింద కొవ్వు, దాని కింద కండరాలను కప్పి ఉంచే గట్టి పొర ఒకటి, దాన్ని స్మాస్ అంటాం, 1976లో మిట్జ్, పెరోనీ అనే ఇద్దరు దాన్ని వర్ణించారు. ఇంకా లోపల ఎముక నుంచి చర్మం దాకా కొన్ని బంధనాలు, అంటే లిగమెంట్లు, ముఖాన్ని అక్కడక్కడా పట్టి ఉంచుతాయి. వయసుతో చర్మం పల్చబడటం ఒక్కటే జరగదు. ఎముక కరుగుతుంది, ముఖ్యంగా కంటి చుట్టూ, పై దవడ దగ్గర, గడ్డం పక్కన. కొవ్వు కొన్ని చోట్ల తగ్గుతుంది, కొన్ని చోట్ల కిందికి జారుతుంది. స్మాస్ వదులవుతుంది. దవడ ముందు భాగంలో ఒక బంధనం మాత్రం గట్టిగా పట్టుకుని ఉంటుంది, జారిన కండ దాని వెనకే ఆగి వేలాడుతుంది, ఆ వేలాడటాన్నే మనం వయసు అని చదువుకుంటాం. నులక వదులైన మంచం మీద దుప్పటిని ఎంత లాగి పరిచినా నడుమ కుంగే ఉంటుంది, ఇక్కడ జరిగేదీ అదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పేషెంట్లు ఇదే విని వస్తారు. "మా హైఫూ స్మాస్ దాకా వెళ్తుంది, కత్తి లేని ఫేస్‌లిఫ్ట్" అని ప్రచారం ఉంది. మొదటి సగం నిజమే. హైఫూలో 1.5, 3, 4.5 మిల్లీమీటర్ల లోతుకి వేడిని పంపే తలలు (చర్మానికి ఆనించే భాగాలు) ఉంటాయి, 4.5 అనేది చాలా ముఖాల్లో స్మాస్ ఉండే లోతు. అక్కడ అది 60 నుంచి 70 డిగ్రీల వేడితో చిన్న చిన్న చుక్కలు పెడుతుంది, ఆ చుక్క దగ్గర కణజాలం ముడుచుకుంటుంది, మానేటప్పుడు కొల్లాజెన్ వస్తుంది. అంతే. బంధనాలను విడిపించదు, పొరని జరిపి కొత్త చోట కట్టదు, మిగిలిపోయిన చర్మాన్ని తీసేయదు. ఫేస్‌లిఫ్ట్ అంటే ఈ మూడు పనులే. ఆ లోతు దాకా వెళ్ళినంత మాత్రాన ఈ పనులు జరిగినట్టు కాదు, రెండో సగం నన్ను నిజంగా బాధపెట్టేది అందుకే.

ఆర్‌ఎఫ్ కథ ఇంకొంచెం పైన నడుస్తుంది. థర్మేజ్ లాంటివి (దానికి కళ్ళ చుట్టూ ముడతలకి ఎఫ్‌డీఏ అనుమతి 2002లో వచ్చింది) పై చర్మాన్ని చల్లబరుస్తూ లోపలి చర్మాన్ని వేడి చేస్తాయి. చర్మం నాణ్యతకి బాగుంటుంది, సన్నటి ముడతలకి బాగుంటుంది. రంగు ఎక్కువున్న చర్మంలో లేజర్లకి ఉండే మచ్చల భయం వీటికి తక్కువ, అది పెద్ద లాభం. సూదులతో చేసే ఆర్‌ఎఫ్‌లో మాత్రం లోతు, పవర్ తప్పితే కాలడం, మచ్చలు, కొవ్వు కరగడం జరుగుతాయి, దాన్ని ఫేషియల్ లాగా చేయించుకునేది అనుకోకండి.

మెషీన్ సరిపోయే మనిషి ఎలా ఉంటారో ఇక్కడే చెబుతాను, లేకపోతే నేను మెషీన్లకి వ్యతిరేకం అనుకుంటారు. దాదాపు అదే రోజుల్లో 42 ఏళ్ళ ఇంకొకావిడ వచ్చారు. దవడ గీత చెదరడం అప్పుడప్పుడే మొదలైంది, చర్మం మందంగా, ఆరోగ్యంగా ఉంది, మెడ బాగుంది, వేళ్ళతో నెడితే మూడు నాలుగు మిల్లీమీటర్లకే సరిపోతోంది. ఆవిడ అప్పటికే ఒక చోట "మినీ ఫేస్‌లిఫ్ట్" చేయించుకోమని సలహా తీసుకుని వచ్చారు, నాకు అవసరం కనిపించలేదు. ఒకసారి హైఫూ చేశాం. మార్పు కొద్దిగానే ఉంటుందని, నాలుగో నెల దాకా తెలియదని, ఏడాది ఏడాదిన్నరకి తగ్గిపోవచ్చని ముందే చెప్పాం. ఆరో నెలలో అదే కుర్చీలో, అదే లైట్‌లో, అదే కోణంలో ఫోటో తీసి పక్కన పెడితే తేడా ఉంది, చిన్నదే, కానీ నిజమైనది. ఆవిడ సంతోషంగా ఉన్నారు. ఈ ఇద్దరినీ అటూ ఇటూ మార్చి ఉంటే ఇద్దరూ నష్టపోయేవారు.

ఇంకో రకం వాళ్ళున్నారు, వాళ్ళకి రెండూ కాదు. ముఖంలో కొవ్వు బొత్తిగా లేని సన్నటి మనుషులు హైఫూ అడిగితే నేను వద్దంటాను. ఆ వేడికి ఉన్న కాస్త కొవ్వు కరిగితే ముఖం ఇంకా పీక్కుపోతుంది, దాన్ని తిరిగి తేవడం కష్టం.

మన కేసుకి వద్దాం. సర్జరీ మాట ఎత్తగానే ఆవిడ ముఖం మారిపోయింది. రెండు భయాలు. ఒకటి, "గాలికి ఎదురు నిలబడినట్టు ముఖం లాగేసినట్టు అయిపోతుంది కదా." రెండోది ఇంట్లోవాళ్ళు, "ఈ వయసులో ఎందుకమ్మా" అని కొడుకు అన్నాడట. రెండోదానికి నేను జవాబు చెప్పలేదు, ఎందుకు అన్నది ఆవిడ ఇష్టం, ఆరోగ్యం బాగున్న పెద్ద మనిషి తన ముఖం గురించి తను నిర్ణయించుకోవడానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. మొదటి భయానికి మాత్రం పూర్తి జవాబు చెప్పాను. లాగేసినట్టు కనిపించేవి చర్మాన్ని మాత్రమే లాగి కుట్టినవి. చర్మం బరువు మోయలేదు, మోయమంటే కొన్నాళ్ళకి సాగుతుంది, కుట్టిన మచ్చ వెడల్పవుతుంది, చెవి తమ్మె కిందికి లాగుకుపోతుంది. స్వీడన్‌కి చెందిన సర్జన్ స్కూగ్ 1970ల్లో లోపలి పొరతో కలిపి ఎత్తే పద్ధతిని ప్రచురించారు, 1990లో అమెరికా సర్జన్ హమ్రా డీప్ ప్లేన్ పద్ధతిని, అంటే స్మాస్ కిందికి వెళ్ళి ఎత్తడాన్ని, ప్రచురించారు, అప్పటి నుంచి బరువంతా లోపలి పొర మోస్తుంది, చర్మాన్ని బిగువు లేకుండా పైన పరిచి మిగిలింది తీసేస్తాం.

ఇష్టం లేకపోతే ఏమీ చేయించుకోకుండా ఉండటం కూడా ఒక దారి అని చెప్పాను, ఊరికే మర్యాదకి చెప్పిన మాట కాదది. థ్రెడ్స్, అంటే చర్మం కింద దారాలు వేసి ముఖాన్ని ఎత్తడం, దాని సంగతి అడిగారు. కరిగిపోయే పీడీవో దారాలు ఆరు నెలల్లో కరుగుతాయి, ఇంత బరువుని అవి పట్టి ఉంచలేవు. ఇంకా ఫిల్లర్ వేసి నింపుదామా అంటే అప్పటికే ఎక్కువైంది, జారిన ముఖాన్ని నింపి ఎత్తాలని చూస్తే ముఖం వెడల్పవుతుందే తప్ప ఎత్తు కాదు. నెల రోజులు ఆలోచించుకుని ఆవిడే ఫోన్ చేశారు, ఆ నెల ఇవ్వడం చాలా అవసరం, మొదటి సంప్రదింపులోనే తేదీ ఖాయం చేసుకోమని తొందరపెట్టే చోట నుంచి లేచి వచ్చేయండి.

ముందు పాత ఫిల్లర్ హైలురానిక్ యాసిడ్ రకమేనని ఆమె కాగితాల్లో చూసుకుని, దాన్ని కరిగించే హైలురానిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్‌తో కరిగించి, వాపు పూర్తిగా తగ్గేదాకా కొన్ని వారాలు ఆగాం. చేప నూనె, విటమిన్ ఈ, వెల్లుల్లి మాత్రలు రక్తం ఆగడాన్ని ఆలస్యం చేయవచ్చు కాబట్టి ఆపించాం. బీపీ అదుపులోకి తెచ్చేదాకా తేదీ ఇవ్వలేదు. ఆవిడ సిగరెట్ తాగి ఉంటే కనీసం 4 వారాల ముందే మానితే గానీ చేసేవాణ్ణి కాదు. 1984లో రీస్, ఆయన సహచరులు ఫేస్‌లిఫ్ట్ పేషెంట్లను పరిశీలించినప్పుడు సిగరెట్ తాగేవాళ్ళలో చర్మం చచ్చిపోయి ఊడే ప్రమాదం 12 రెట్లు ఎక్కువని తేలింది, ఈ విషయంలో నేను బేరాలు ఒప్పుకోను.

సర్జరీ పూర్తి మత్తులో జరిగింది. కోత కణత జుట్టు దగ్గర మొదలై చెవి ముందు మడత వెంట, తమ్మె కింద నుంచి తిరిగి చెవి వెనక జుట్టులోకి. కొంత చర్మాన్ని లేపాక డీప్ ప్లేన్‌లోకి వెళ్ళి చెంప ఎముక దగ్గరి బంధనాలను, దవడ కండరం ముందున్నవాటిని విడిపించాను. కుడి పక్క ఆ పొర కొంచెం అతుక్కుని ఉంది, మామూలుగా సులువుగా విడిపోయే చోట ఆగి ఆగి వెళ్ళాల్సి వచ్చింది. పాత వేడి చికిత్సల వల్లే అని ఒక్క కేసుని బట్టి అనలేను, కానీ ఇలాంటి చరిత్ర ఉన్నవాళ్ళలో నేను నరాల దగ్గర ఇంకాస్త నిదానంగా వెళ్తాను. అందుకే ఏ మెషీన్, ఎన్నిసార్లు, ఎప్పుడు అన్నది సర్జన్‌కి దాచకుండా చెప్పండి. పొరని దాదాపు నిలువుగా పైకి ఎత్తి కట్టాను, గడ్డం కింద చిన్న కోతతో మెడ తీగలను మధ్యలో కలిపి కుట్టాను, కణతలకి, చెంపలకి ఆమె సొంత కొవ్వే తీసి కొంచెం నింపాను (అందులో ఎంత నిలుస్తుందో మనిషిని బట్టి మారుతుంది, అందుకే ఆశ తక్కువ పెట్టుకోమన్నాను). చర్మం కుట్టేటప్పుడు బిగువు లేదు.

ఫేస్‌లిఫ్ట్‌లో అన్నింటికంటే తరచుగా వచ్చే తొందర సమస్య చర్మం కింద రక్తం గూడుకట్టడం, ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది, మగవాళ్ళలో, బీపీ ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఆ రాత్రి ఆవిడ బీపీ 160 దాకా పోయింది. చూస్తే కారణం చిన్నది, మూత్రం ఆగిపోయి కడుపు ఉబ్బి ఇబ్బంది పడుతున్నారు. ట్యూబ్ వేసి, నొప్పికి, వాంతికి మందు ఇచ్చేసరికి గంటలో దిగింది. రక్తం గూడుకట్టలేదు. రాత్రి పక్కన తెలిసిన నర్స్ ఉండటం ఎంత విలువైనదో ఇలాంటప్పుడే తెలుస్తుంది, చేసిన సాయంత్రమే ఇంటికి పంపేస్తాం అనే చోట ఈ ఒక్క విషయం గట్టిగా అడగండి.

నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా ఆవిడకి చాలా కష్టంగా గడిచింది. నొప్పి పెద్దగా లేదు, వాపు, కమిలిన రంగు, అద్దంలో ఎవరో కొత్త మనిషి. ఏడుస్తూ ఫోన్ చేశారు, "ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తోంది." ఇది చాలామందికి వస్తుంది, ముందే చెప్పి ఉంచాం, అయినా వచ్చినప్పుడు టెన్షన్ టెన్షనే. పైగా ఆవిడ నవ్వితే కింది పెదవి ఎడమ పక్క సరిగ్గా దిగడం లేదు. దవడ కింద నుంచి వెళ్ళే ముఖ నరం కొమ్మ లాగుడుకి, వాపుకి కొంతకాలం మొద్దుబారితే ఇలా అవుతుంది. ఎక్కువ మందిలో దానంతట అదే తగ్గుతుంది, శాశ్వతంగా మిగలడం నూటికి ఒకరి కంటే తక్కువ, కానీ ఆ తక్కువలో మనం ఉండమని ఎవరూ మాట ఇవ్వలేరు, సంతకానికి ముందు ఈ వాక్యం పేషెంట్ చెవిన పడి తీరాలి. ఆవిడకి ఆరో వారానికి నవ్వు సమానమైంది. చెవి తమ్మె దగ్గర తిమ్మిరి మాత్రం చాలా నెలలు ఉంది, కమ్మలు పెట్టుకుంటే తెలిసేది కాదట.

మూడు వారాలకి ఆవిడ బయటికి వెళ్ళగలిగారు, మూడో నెలకి ముఖం కుదురుకుంది. దవడ గీత తేలింది, మెడ మలుపు వచ్చింది, తీగలు పోయాయి. "సర్జరీ చేయించుకున్నావా" అని ఎవరూ అడగలేదట, "బాగా నిద్రపోతున్నట్టున్నావు" అన్నారట. నోటి చుట్టూ సన్నటి నిలువు గీతలు, ఎండ మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి, ఎందుకంటే ఫేస్‌లిఫ్ట్ చర్మాన్ని కొత్తది చేయదు. ముక్కు పక్క గీత తగ్గింది కానీ పోలేదు. వాటికి రోజూ సన్‌స్క్రీన్, రాత్రిపూట ట్రెటినాయిన్ (విటమిన్ ఏ రకం క్రీమ్) మొదలుపెట్టాం. ఈ రెండూ సర్జరీ కంటే ముందే, 30ల్లోనే మొదలవ్వాల్సినవి. నెలసరి ఆగాక మొదటి 5 ఏళ్ళలో చర్మంలోని కొల్లాజెన్ దాదాపు 30 శాతం పోతుంది, ఆ సమయంలో ఆడవాళ్ళకి ఈ మాట చెప్పేవాళ్ళు చాలా తక్కువ.

ఏడాది నిండాక మొన్న వచ్చారు. దవడ నిలబడింది, చెవి వెనక మచ్చ తెల్లబడింది. గడ్డం కింద చర్మం మాత్రం కొంచెం మెత్తబడింది, మొదటి ఏడాదిలో ఇంత సడలడం మామూలే, పల్చటి చర్మంలో ఇంకా మామూలు. వేళ్ళతో నెట్టి చూశాం, రెండు మూడు మిల్లీమీటర్లు. "దీనికి మళ్ళీ కొయ్యాలా డాక్టర్ గారూ?" అన్నారు. అక్కర్లేదు, దీనికి ఆర్‌ఎఫ్ సరిపోతుంది అని చెప్పాను. నవ్వి, "మొదట నేను అడిగింది అదేగా" అన్నారు. వచ్చే నెలలో చేస్తున్నాం, సూదులు లేని రకం, గడ్డం కింద మాత్రమే, నాలుగో నెలలో అదే కుర్చీలో ఫోటో.